నిజమా, జబ్బా

ఐరాల,
24 జూన్ 2024

పంకజక్కకు,

హరి రాస్తున్నాను. అమ్మ బాగుంది. మబ్బు పడితే చాలు, మోకాళ్ళ నొప్పులంటుంది. కాణిపాకంలో నా గరిక మాలల దుకాణం ఎప్పటిలాగే నడుస్తోంది. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఇంట్లో ఫోను అమ్మ చేతిలో ఉంటుంది. పైగా ఫోనులో నాకు మాట కంటే గొంతు ఎక్కువగా వినిపిస్తుంది. గొంతును పట్టుకొని అనుమానాలు పుట్టించుకోవడం నాకెంత సులువో నీకు తెలుసు. కాగితం మీద మాట మాటగానే ఉంటుంది.

పోయిన వారం అమ్మకు షుగర్ చూపిద్దామని తిరుపతి నుంచి ల్యాబు ఆమెను వెంటబెట్టుకొని వచ్చావు కదా. పనిలో పనిగా నాకూ చూపిద్దామన్నావు. సరేనని చెయ్యి చాపాను. అమ్మకు వేలి మీద గుచ్చి ఒక చుక్క తీసి, అక్కడికక్కడే చిన్న యంత్రంలో చూసి చెప్పేసింది. నాకు మాత్రం మోచేతి దగ్గర గుచ్చి, ఊదారంగు మూతలున్న గొట్టాల్లోకి పట్టింది. వాటిని ఐసు పెట్టెలో పెట్టి మూత బిగించింది. నాకెందుకింత అని అడిగాను. ఆమె నాకు జవాబు చెప్పే ముందు నీ ముఖం చూసింది. ఆ తర్వాతే, "సుగర్ సూసేదానికే సార్" అనింది.

నా షుగర్ ఎంతో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ రక్తం ఎక్కడికి పోయింది?

మేనకోడలు ఐశ్వర్యను అడిగానని చెప్పు. ఎండలో తిరగొద్దని చెప్పు.

తమ్ముడు
హరినాథ్


తిరుపతి,
1 జూలై 2024

హరీ,

నీకు అక్క దీవెనలు. పోస్టు ఆయన కవరు ఇస్తే మొదట పెళ్ళి పత్రిక అనుకున్నాను. ఈ రోజుల్లో ఉత్తరం రాసేది నువ్వొక్కడివే. మీ బావకు రేణిగుంట గోడౌన్‌లో మళ్ళీ షిఫ్టు మార్చారు. తినే వేళకు తినడు, నిద్రపోయే వేళకు నిద్రపోడు. ఐశ్వర్యకు నాలుగో నెల. తాళింపు వాసన తగిలితే చాలు, లేచి పెరట్లోకి పరిగెడుతోంది. ఉప్పులో ఊరిన మామిడికాయ ముక్క తప్ప ఏదీ నిలవడం లేదు. అమ్మ పట్టిన ఊరగాయ ఒక జాడీ పంపించు, బస్సులో ఎవరైనా వస్తుంటే.

నీ షుగర్ మామూలుగానే ఉందట. చెప్పడం మరిచిపోయాను. ఐసు పెట్టె అంటావా, ల్యాబు వాళ్ళు ఎక్కడికి పోయినా అది వెంట ఉంటుంది.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. మాత్రలు సరిగా వేసుకుంటున్నావా? ఎవరు ఎవరి ముఖం చూశారు, మూతలది ఏ రంగు అని నువ్వు గమనించడం మొదలుపెట్టినప్పుడల్లా ఆ తర్వాత ఏమైందో మనిద్దరికీ గుర్తే. అందుకే అమ్మకు ఫోన్ చేసి, నువ్వు మాత్ర మింగేదాకా పక్కనే నిలబడమని చెప్పాను. వేరేగా అనుకోకు.

నీ మేలు కోరే
అక్క


ఐరాల,
9 జూలై 2024

అక్కా,

ఊరగాయ జాడీ తిరుపతి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. అందే ఉంటుంది.

అమ్మ ఇప్పుడు నా ఎదుట నిలబడి మాత్ర మింగిస్తోంది. మింగాక నోరు తెరిచి చూపించమంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళ వాడిని. చూపిస్తున్నాను. నేనెప్పుడూ మాత్ర మానలేదు, కానీ ఆ సంగతి చెబితే మానినవాళ్ళు చెప్పే మాటలాగే ఉంటుంది.

ఈ ఉత్తరం జాగ్రత్తగా చదువు. నాకు స్కిజోఫ్రేనియా ఉంది. కాణిపాకంలో నా పక్క దుకాణాల వాళ్ళందరికీ తెలుసు, నేనే చెప్పాను. చిత్తూరు డాక్టరు నాకు నేర్పింది ఒకటుంది. అనుమానం వస్తే దాచుకోవద్దు, దాని వెంట పరిగెత్తొద్దు, నువ్వు నమ్మే ఒక్క మనిషిని అడుగు, ఆ మనిషి చెప్పింది గట్టిగా పట్టుకో అన్నాడు. ఎవరిని అడుగుతావని అడిగితే నీ పేరు చెప్పాను.

ఎందుకో నీకు తెలుసు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు నీళ్ళలో విషం కలిపారని నేను గ్లాసు ముట్టకుండా కూర్చుంటే, అందరూ నవ్వారు, నాయన కొట్టాడు. నువ్వు మాత్రం వచ్చి నా పక్కన కింద కూర్చొని, అదే గ్లాసులో సగం తాగి మిగతాది నా చేతికిచ్చావు. "తాగినాను సూడు. నాకేం కాలేదు" అన్నావు. అప్పటి నుంచి నాకు ఏది నిజం, ఏది జబ్బు అనేది నీ మాటతోనే తేలుతోంది.

రోజూ నా దుకాణం ముందు నుంచే ఎంతోమంది తగాదాలు పెట్టుకొని స్వామి ముందు ప్రమాణానికి పోతుంటారు. నీకు ప్రమాణం అక్కర్లేదు. ఒక్క మాట చాలు. నా రక్తాన్ని నాకు చెప్పకుండా ఎక్కడికో పంపారని నా మనసు చెబుతోంది. ఇది నిజమా, జబ్బా?

నువ్వేది చెబితే అది.

హరి


తిరుపతి,
17 జూలై 2024

చిన్నోడా,

ఊరగాయ అందింది. ఐశ్వర్య జాడీ పట్టుకొని కూర్చుంది. మీ బావ, "దానికి కాదు, లోపలి దానికి కావాల" అని నవ్వాడు. ఇక్కడ వాన పడింది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు పోయింది, మళ్ళీ వచ్చింది.

నువ్వు అడిగినదానికి జవాబు. నీ రక్తం ఎక్కడికీ పోలేదు. అది జబ్బే.

నువ్వు దాచుకోకుండా అడిగావు, అది మంచి పని. డాక్టరుతో మాట్లాడాను. ఒకసారి తీసుకురమ్మన్నాడు. మందు కొంచెం పెంచితే సర్దుకుంటుందని అన్నాడు. అమ్మతో కలిసి పో. నాకు రావడానికి కుదరదు, ఐశ్వర్యను ఒంటరిగా వదలలేను.

ఇక ఆ సంగతి మరిచిపో.

అక్క


ఐరాల,
14 ఆగస్టు 2024

అక్కకు,

నువ్వు చెప్పినట్టే చిత్తూరు పోయాము. నా మాట కూడా విన్నాడు డాక్టరు. కానీ నీ ఫోను ముందే వచ్చి ఉంది కాబట్టి నా మాటకు బలం లేదు. మందు పెంచాడు.

జబ్బే అని నువ్వు చెప్పావు కాబట్టి పట్టుకున్నాను. ఊదారంగు మూతలు గుర్తుకొచ్చినప్పుడల్లా, అక్క చెప్పింది, ఇది జబ్బు అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

మందు బాగా మత్తుగా ఉంది. నాలుక మందంగా ఉంది, నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. గరిక కట్ట కడితే ముడి నిలవడం లేదు. మొన్న ఒకామె నా దగ్గర మాల కొని పది అడుగులు వేసేలోగా అది జారి రోడ్డు మీద పడింది. వెనక్కి వచ్చి, నన్ను చూసి, పక్క దుకాణానికి పోయింది. వినాయక చవితి దగ్గరికొస్తోంది. పక్క దుకాణం వాళ్ళు కట్టిచ్చిన మాలలు పెట్టుకొని కూర్చుంటున్నాను.

ఇంతకంటే రాయలేను. అక్షరాలు చూస్తున్నావు కదా.

హరి


తిరుపతి,
24 ఆగస్టు 2024

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చూశాను. అక్షరాలు చూడలేకపోయాను. డాక్టరుతో మళ్ళీ మాట్లాడతాను, కొన్నాళ్ళు ఓర్చుకో. నువ్వు వచ్చినప్పుడు తింటావని సంగటి పిండి ఆడించి పెట్టాను, ఎప్పుడు వస్తావో ఏమో.

ఒక సంగతి నీకు చెప్పాలనిపించింది. ఈ జబ్బు ఎవరి తప్పూ కాదు. ఎక్కువ చదివినందుకు వచ్చిందని నాయన అనేవాడు కదా, అది తప్పు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే మెదడు తయారవుతుందట. దాన్ని కట్టే జీన్లు కొన్ని ఉంటాయట. వాటిలో తేడాలుంటే ఈ జబ్బు మొదలయ్యేది అప్పుడే, ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడుతుందట. కాబట్టి నువ్వు చేసింది ఏమీ లేదు. మనసులో ఏదైనా పెట్టుకొని ఉంటే తీసెయ్యి.

ఐశ్వర్య నిన్ను తలుచుకుంటూ ఉంటుంది.

అక్క


కాణిపాకం,
19 సెప్టెంబరు 2024

పంకజాక్షి గారికి,

ఈ ఉత్తరం దుకాణంలో కూర్చొని రాస్తున్నాను. బ్రహ్మోత్సవాల జనం. రాయడం ఆపి ఆపి రాస్తున్నాను, చెయ్యి కోసం కొంత, మనసు కోసం కొంత.

నిన్న ఐశ్వర్య వచ్చింది. అల్లుడు సునీల్‌కుమార్ కారులో తెచ్చాడు. దర్శనం చేసుకొని, అంత జనంలో నన్ను వెతుక్కుంటూ దుకాణానికి వచ్చారు. నేను స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఆమె నా వణికే చేతులు చూసి భయపడింది, అయినా వాటిని పట్టుకొని, "మామా, నువ్వు రక్తమిచ్చినావని అమ్మ సెప్పింది. అడిగిన వెంటనే సరే అన్నావంట. ఫోన్లో సెప్పే మాట కాదని ఈడికే వచ్చినా" అనింది.

ఏ రక్తమని అడిగితే ఆమె తట్టుకోలేదేమో అనిపించింది. కడుపుతో ఉన్న పిల్ల. కానీ అడగకుండా ఉండలేకపోయాను. మెల్లగా అడిగాను. ఆమె అంతా చెప్పింది. తిరుపతిలో జీన్ల డాక్టరు దగ్గరికి పోయిందట. జబ్బు ఉన్న మనిషి రక్తం కూడా ఉంటే పోల్చి చూడొచ్చని అన్నారట. నన్ను అడగమని నీకు చెప్పిందట. నేను సంతోషంగా ఒప్పుకున్నానని నువ్వు చెప్పావట.

నేను ఎరగనని చెప్పేసరికి ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. సునీల్ వెంటనే లేచి నీళ్ళు తెచ్చాడు. అతని ఎదుట ఈ మాటలు ఎందుకని నేను ఆపబోతే, "నాకు పెండ్లికి ముందే తెలుసు మామా. ఐశ్వర్యే సెప్పింది" అన్నాడు. నీకు తెలియదు కదా? వాళ్ళకు తెలియకూడదని ఇన్నాళ్ళూ నన్ను వాళ్ళింటి గడప ఎక్కనివ్వలేదు నువ్వు.

నాకు వచ్చిన అనుమానం జబ్బు కాదు. జూన్‌లోనూ కాదు. నేను చూసింది నేను చూశాను. ఇది తెలియగానే నాకు మొదట వచ్చింది కోపం కాదు, సంతోషం. ఆ తర్వాత వచ్చింది కోపం.

ఇంకొకటి. నీ పోయిన ఉత్తరం నేను దుకాణంలో ఉండగా ఇంటికి వచ్చింది. నా గురించి నువ్వేదో దాస్తున్నావని అమ్మకూ అనుమానమట. విప్పి పక్కింటి నిర్మలమ్మ చేత చదివించుకుంది. ఆమె చదివింది ఎట్లా చదివిందో, అమ్మకు అర్థమైంది ఒక్కటే. కొన్నాళ్ళుగా అమ్మ సరిగా అన్నం తినడం లేదు, ఎందుకో చెప్పేది కాదు. రాత్రి నేను కూర్చోబెట్టి అడిగితే చెప్పింది.

"నా కడుపులోనే సెడిపోయినాడంట గదా వాడు. నేను వాణ్ణి మోసేటప్పుడు జరంతో గానుగ కాడ పని సేసినా. ఆ పొద్దే పనికి పోకుండా ఉండాల్సింది."

నువ్వు నన్ను ఓదార్చడానికి రాసిన మాట అది.

నువ్వు రాసే జవాబు ఏమైనా రాయి. నమ్మేదీ లేనిదీ తర్వాత చూస్తాను.

హరినాథ్


తిరుపతి,
27 సెప్టెంబరు 2024

హరీ,

నన్ను గారు అన్నావు. అనవలసిందే.

ఐశ్వర్య ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు. సునీల్‌కు ముందే తెలుసన్న సంగతి కూడా నీ ఉత్తరం చూశాకే తెలిసింది నాకు. ఎవరి దగ్గర దాచాలని ఇంత చేశానో వాళ్ళకు నాకంటే ముందే తెలుసు.

అడిగితే నువ్వు కాదంటావని కాదు. అవునంటావని తెలుసు. కానీ ఎందుకని అడుగుతావు కదా. నీలాంటి బిడ్డ పుడుతుందేమోనని నీ మేనకోడలు భయపడుతోందని నీతో ఎట్లా చెప్పాలి? ఆ మాట నా నోటి నుంచి రాలేదు. షుగరని అబద్ధం చెప్పడం సులువనిపించింది. నువ్వు నిజమా, జబ్బా అని అడిగినప్పుడు కాగితం ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. నిజమని రాసి చించేశాను. అప్పటికే డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నాను, ఇప్పుడు నిజం చెబితే అన్నీ బయటికొస్తాయని భయం. జబ్బని రాశాను. నువ్వు నమ్ముతావని తెలిసే రాశాను.

రిపోర్టు ఆగస్టులోనే వచ్చింది. నీకు రాసిన ఆ జీన్ల మాటలు అక్కడ విన్నవే. నా రక్తమూ, ఐశ్వర్యదీ కూడా ఇచ్చాము. నీ రక్తంలో, కడుపులో మెదడు తయారయ్యేటప్పుడు పనిచేసే జీన్లలో కొన్నిచోట్ల మార్పులున్నాయట. ఏ నరం ఎక్కడికి చేరాలి, దేనితో కలవాలి అన్నది అవి చూసుకుంటాయట. వాటిలో చాలావరకు నా రక్తంలోనూ ఉన్నాయి హరీ. అవే మార్పులు. నాకు జబ్బు లేదు, నీకుంది. ఎందుకని అడిగితే, తెలియదన్నారు. నాయన వైపు నుంచా, అమ్మ వైపు నుంచా అని అడిగాను. అమ్మ పెళ్ళి చేసుకున్నది సొంత మేనమామనే కదా. మనకు రెండు వైపులు ఎక్కడున్నాయి?

నీదేదో వేరే, మాది వేరే అని తేలితే బాగుండునని లోపల ఎక్కడో ఆశపడ్డాను. అది రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది.

అమ్మ దగ్గరికి నేనే వచ్చి చెబుతాను. దీపావళికి వస్తాను. వద్దంటావా?

అక్క


ఐరాల,
23 అక్టోబరు 2024

అక్కా,

నీ ఉత్తరం చదివాను. జవాబు ఆలస్యమైంది, ముందు కొన్ని పనులు చేసుకోవాలనుకున్నాను.

మొదట చిత్తూరు డాక్టరు దగ్గరికి పోయాను, ఒంటరిగా. ఆయనతో అంతా చెప్పాను. నమ్మకపోతే ఐశ్వర్యకు ఫోన్ చేయమని నంబరు ఇచ్చాను. ఆయన చేశాడు. మాట్లాడి పెట్టేశాక, ఆ రోజు మీ అక్క మాటతో పాటు మీ మాటనూ తూచి ఉండాల్సిందని అన్నాడు. మందు కొంచెం కొంచెంగా పాత మోతాదుకు దించుతున్నాడు. ఒకేసారి ఆపకూడదట. చేతులు ఇంకా వణుకుతున్నాయి, ముడి మాత్రం నిలుస్తోంది.

తర్వాత తిరుపతి వచ్చాను. నీ ఇంటికి రాలేదు, ఐశ్వర్య నన్ను బస్టాండులో కలిసి జీన్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమెకూ నేను ఒప్పుకున్నాననే చెప్పి ఉన్నారు. విని చాలా కలత పడింది. ఆ రక్తాన్ని, రిపోర్టును ఏం చేయాలో చెప్పే హక్కు నాదేనంది. తీసిపారేయమన్నా పారేస్తామంది. నేను ఐశ్వర్య ముఖం చూశాను. తను కిటికీ వైపు చూస్తోంది, నా మీద ఒత్తిడి పెట్టకూడదని. ఐశ్వర్యకు పనికొచ్చినన్నాళ్ళు ఉంచండి, ఇంకెవరికీ ఇవ్వొద్దు అని చెప్పాను.

బిడ్డ సంగతి అడిగాను. రిపోర్టు చూసి చెప్పలేమంది. ఇలాంటి మార్పులు ఎందరిలోనో ఉంటాయట, ఒక్కొక్కటి చేసేది చాలా కొంచెం. అన్నీ ఉండీ ఏమీ కానివాళ్ళే ఎక్కువట. నూటికి ఇంతని నాకు ఒక అంకె చెప్పబోయింది, ఐశ్వర్య వద్దంది. బయటికొచ్చాక, "బిడ్డ ఎట్ల పుట్టినా సరే మామా. తెలుసుకుంటే భయం పోతుందనుకున్నా, అంతే" అనింది.

నువ్వు నాతో చెప్పలేకపోయిన మాట ఆ పిల్ల నాతో నేరుగా చెప్పింది. నాలా పుడుతుందేమోనని భయపడిందట. నాకు బాధ కలిగింది, నిజమే. కానీ అక్కా, ఈ జబ్బు ఇంకెవరికీ రాకూడదని నాకంటే ఎక్కువ కోరుకునేవాళ్ళు ఎవరుంటారు? అడిగి ఉంటే ఐసు పెట్టె నేనే మోసుకొచ్చేవాణ్ణి.

అమ్మ కోసం డాక్టరమ్మనే అడిగాను, జ్వరంతో గానుగ దగ్గర పని చేసినందుకు ఇట్లా అయిందా అని. అట్లా ఒకదాన్ని పట్టుకొని చెప్పడానికి లేదు, ఆ తల్లి తప్పు కాదని నా పేరుతో చెప్పండి అంది. ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ విని, "డాక్టరమ్మ సిన్న వయసుదా?" అని అడిగింది. అవునంటే, "ఆమెకు బిడ్డలుండారా?" అంది. నేను అడగలేదని చెప్పాను. ఆ రాత్రి అన్నం తినింది. పూర్తిగా నమ్మిందని అనుకోను.

ఇక నీ సంగతి. నువ్వు చెడు తలపెట్టలేదని తెలుసు. రోజూ అదే నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ నాకు లోపల రెండు గొంతులున్నాయి, ఏది నాదో తెలియనప్పుడు నీ మాట పట్టుకొని బతికాను. నువ్వు ఆ మాటనే తీసుకొని నా మీద వాడావు. నిజం చూసి కూడా అది జబ్బని నాకు నేను చెప్పుకునేలా చేశావు. ఇప్పుడు కళ్ళెదుట జరిగినదాన్ని కూడా రెండుసార్లు చూస్తున్నాను. దుకాణంలో ఎవరైనా నవ్వితే, నా గురించేనా, జబ్బా, నిజమా అని వెతుక్కుంటున్నాను. ఇంతకు ముందు ఇంతగా లేదు.

డాక్టరు, ఇకమీదట ఎవరిని అడుగుతావు, పేరు చెప్పు అన్నాడు. ఐశ్వర్య పేరు చెప్పాను. ఆమెను ముందే అడిగాను. నాకు నచ్చని జవాబైనా చెబుతానని ఒప్పుకుంది. నీ మీద పగతో చేసింది కాదు ఇది. నాకు ఒక మనిషి కావాలి, లేకపోతే నడవలేను.

దీపావళికి వస్తానన్నావు. అప్పుడు వద్దు. కార్తీకం దాటనీ. అప్పుడు రా, బావను కూడా తీసుకురా. అమ్మ నీ కోసం అడుగుతోంది, నేనూ అడుగుతున్నానని అనుకో. వచ్చినప్పుడు కొన్నాళ్ళు నీ ముఖం సరిగా చూడకుండా మాట్లాడతానేమో. దాన్ని జబ్బనుకోకు.

హరి